ఒక్క మనిషికి సరిపోయే మిషన్

కొత్త మిషన్ కొనబోతున్నానని చెప్పినప్పుడు నందిగామలో అందరూ "ఎంతట?" అని అడిగారు. మా బావ ఒక్కడే "దేనికిరా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు ఉంది గానీ, ఆయన ముఖం చూస్తూ చెప్పగలిగేది కాదు. "పని పెరిగింది గదా బావా" అని దాటేశాను. ఆయన తలూపి, చేతిలో ఉన్న ముక్కను తడి గోనెసంచి మీద పెట్టి ఇంకో ముక్క బిగించుకున్నాడు.

బావ అంటే మా అక్క భర్త. పెళ్ళయిన ఏడేళ్ళకి అక్క జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని చెప్పినవాళ్ళకి ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు, ఇనుము చెక్కే లేతు మిషన్ ముందు నిలబడి పని చేసుకుంటూ పోయాడు. నాకు రెండుసార్లు సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పింది. మూడోసారి నేనే వద్దన్నాను. మొండివాడని పేరొచ్చింది, ఆ పేరు అన్యాయమని నేను అనను. అమ్మా నాన్నా అప్పటికే లేరు. అలా ఇద్దరు మగవాళ్ళం, చెరొక ఊళ్ళో, ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషి లేకుండా మిగిలాం.

డెబ్బైల దశకంలో బావకి జగ్గయ్యపేటలో చిన్న లేతు షెడ్డు ఉండేది. సున్నపురాయి లారీల యాక్సిళ్ళు, ఆయిలింజన్ల షాఫ్టులు, ఎడ్లబండి ఇరుసులు, ఏదొస్తే అది. డిగ్రీ మధ్యలో మానేసి నేను ఆయన దగ్గర చేరాను. ఇనుము ఎలా కోయాలో, కోసే టూలు ఏ వాటంలో నూరాలో, అరిగిన షాఫ్టును తాకి ఎంత అరిగిందో ఎలా చెప్పాలో అన్నీ ఆయనే నేర్పాడు. నేర్పుతున్నానని ఎప్పుడూ అనలేదు. "ఇటు చూడు" అనేవాడు, అంతే. ఎనభైలు వచ్చేసరికి నేను నందిగామలో హైవే పక్కన సొంత షెడ్డు వేసుకున్నాను. రెండు లేతులు పెట్టాను.

ఆ రోజుల్లో మా మెట్ట చేలన్నీ పత్తి, మిర్చి. పత్తి ఉన్నచోట పురుగు, పురుగు ఉన్నచోట మందు కొట్టే పంపు. బెజవాడలో ఆ పంపులు తయారుచేసే కంపెనీ ఒకటి నాకు అల్యూమినియం పిస్టన్ల ఆర్డరు ఇచ్చింది. అరచేతిలో పట్టే ముక్క. ఇత్తడి గొట్టంలో పైకీ కిందకీ ఆడాలి. లావైతే గొట్టంలో దూరదు, సన్నమైతే మందు వెనక్కి కారుతుంది. నా ఒక్కడివల్ల అయ్యే పని కాదని బావని రమ్మన్నాను. ఆయన జగ్గయ్యపేట షెడ్డుకి తాళం వేసి, తన లేతు మీద టార్పాలిన్ కప్పి, రోజూ పొద్దున మొదటి బస్సుకి వచ్చేవాడు. కూర ఆయన తెచ్చేవాడు, అన్నం నేను వండేవాణ్ణి. మధ్యాహ్నం మిషన్లు ఆపి, రెండు ఖాళీ డబ్బాల మీద కూర్చుని తినేవాళ్ళం. ఆయన వండిన దోసకాయ పప్పు మా అక్క పప్పులాగే ఉండేది. ఆ మాట ఒక్కసారి కూడా పైకి అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

అల్యూమినియం మెత్తగా ఉంటుంది కాబట్టి కోయడం తేలిక అనుకుంటారు బయటివాళ్ళు. ఇనుమే నయం, ఎదురు తిరిగేదేదో ముందే తిరుగుతుంది. ఇది కాసేపు బాగానే తెగి, తర్వాత టూలు మొనకి జిగురులా అంటుకుని నున్నటి ముక్క మీద గీతలు పెడుతుంది. అందుకని మిషన్ జోరుగా తిప్పాలి, కుంచెతో కిరసనాయిలు రాస్తూ ఉండాలి. మా అన్నానికీ, చొక్కాలకీ, దిండ్లకీ అదే వాసన. బావ కోసిన ముక్కను వెంటనే కొలిచేవాడు కాదు. కొద్దిగా లావు ఉంచి తీసి, తడిగోనె మీద వరసగా పేర్చి, అన్నం తిన్నాక ఒక్కొక్కటీ కొలిచి, చివరి కోత అప్పుడు కోసేవాడు. "ఏంటి బావా, దానికి దిష్టి తీస్తున్నావా?" అని ఏడిపించేవాణ్ణి. "కాసేపు ఊరుకోనీరా. దానికీ అలుపు తీరాలి" అనేవాడు. నేనైతే ముక్క మిషన్ మీద ఉండగానే మైక్రోమీటరు పెట్టి కొలిచి, సైజుకి తెచ్చి, డబ్బాలో పడేసేవాణ్ణి. ఆయన పన్నెండు చేసేలోపు నావి ఇరవై అయ్యేవి. ఆయనది చాదస్తమనీ నాది పనితనమనీ అనుకునేవాణ్ణి.

ఆర్డరు వచ్చిన రెండో ఏడు ఎండల్లో ఒక పెట్టె వెనక్కి వచ్చింది. పిస్టన్లు వదులుగా ఉన్నాయట, వెంట్రుకలో సగం తేడా. ఆ తర్వాత ఇంకో పెట్టె. కంపెనీ కొనుగోలు ఆఫీసరు తానే నందిగామ వచ్చాడు. మర్యాదస్తుడు. నన్ను పక్కకి పిలిచి, "మీ ఇద్దరిలో ఎవరి చెయ్యో కాస్త చూసుకోండి" అన్నాడు. ఇద్దరి ముక్కలూ ఒకే డబ్బాలో కలిసిపోతాయి, చూసుకోవడానికేమీ లేదు. కానీ అంతకు ముందు కొన్నాళ్ళుగా ఒక సంగతి గమనిస్తున్నాను. బావ మైక్రోమీటరు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెలుతుర్లో చేయి చాపి, కళ్ళు చికిలించి చదువుతున్నాడు. నాకు అది చాలింది. ఇంక రుజువు అక్కర్లేకపోయింది.

వెనక్కి వచ్చిన పెట్టె తెరిచినప్పుడు బావ రెండు మూడు ముక్కలు తీసి తిప్పి చూసి, తిరిగి పెట్టేశాడు. ఆ రోజు సరిగ్గా తినలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నాను. నాకు పని నేర్పిన మనిషి గురించి అలా అనుకున్నాను.

ఆఫీసరే దారి చెప్పాడు. హైదరాబాదులో బాలానగర్ వైపు ఒక ఫ్యాక్టరీ వాళ్ళు కంప్యూటరుతో నడిచే లేతు ఒకటి వాడి, పెద్దది తెచ్చుకుని చిన్నదాన్ని అమ్ముతున్నారట. పక్క షెడ్లలో మామూలు మిషన్లూ ఉన్నాయట. కావాలంటే తానూ వస్తానన్నాడు. ఆ మాట బావ విన్నాడు. వెళ్ళే రోజు పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో రెండు అల్యూమినియం కడ్డీ ముక్కలు పెట్టుకుని బస్సు దిగాడు.

"మనం ముగ్గురం అవుతాం బావా. మంచి పనికి ముగ్గురు వెళ్ళకూడదంటారు గదా" అన్నాను. నాకు అలాంటి పట్టింపులేమీ లేవు. రాహుకాలంలో షెడ్డు తెరిచినవాణ్ణి. ఆయనకి ఉన్నాయని తెలిసి అన్నాను. ఆయన కళ్ళు బాగాలేవని ఆ ఆఫీసరు ముందు బయటపడుతుందేమోనని ఒక భయం. అమ్మేవాళ్ళ ముందు ప్రతి మిషన్నీ గంటసేపు తడిమి చూస్తాడేమోనని ఒక చిరాకు. రెంటిలో ఏది ఎక్కువో నాకే తెలియదు.

"అయితే ఓ గులకరాయి జేబులో ఏసుకుందాంరా. నలుగురం అయిపోతాం. మా నాన్న అట్లాగే చేసేవోడు" అన్నాడు నవ్వుతూ, రోడ్డు వారకి వంగబోతూ.

నేను విననట్టు, ఆఫీసరు బెజవాడలో ఎక్కి వస్తున్న బస్సుకి చెయ్యి ఊపాను. ఆయన వంగినవాడల్లా లేచి, కడ్డీ ముక్కలు నా చేతిలో పెట్టి, "ఇయ్యే కోయించి చూడు. వాళ్ళ ముక్కలు వద్దు" అన్నాడు. ఆ రోజు ఆయన ఒక్కడే షెడ్డులో పని చేసుకున్నాడు.

బాలానగర్‌లో మూడు మిషన్లు చూశాను. మొదటిది ఏనుగు లాంటి పాత లేతు. కదలదు, అదరదు, కానీ అల్యూమినియానికి కావలసిన జోరు లేదు. బావ ఇచ్చిన కడ్డీ దాని మీద గరుకుగా తెగింది. రెండోది క్యాప్‌స్టన్ లేతు. దానికి ఆరు టూళ్ళు ఒకేసారి బిగించుకోవచ్చు, ఒకదాని తర్వాత ఒకటి తిప్పుకుంటూ పోవడమే. మా పిస్టన్లకి చక్కగా సరిపోయే మిషన్. కానీ దాన్ని పొద్దున్నే అమర్చడానికి అనుభవం ఉన్న చెయ్యి కావాలి, నడపడానికి ఇంకో మనిషి కావాలి. బావ అమర్చితే నేను నడపాలి. మూడోది ఆ కంప్యూటరు మిషన్. చుట్టూ రేకు తలుపు, పక్కన చిన్న తెర, దాని మీద పచ్చటి అంకెలు. ఇంత లావు, ఇంత పొడుగు అని మీటలు నొక్కి చెబితే అదే కోసుకుంటుంది. కడ్డీ అద్దంలా వచ్చింది. ఆఫీసరు ముక్క తిప్పి తిప్పి చూశాడు.

అమ్మే ఆయన అడిగాడు: "మీ దగ్గర పనివాళ్ళు ఎంతమందండి?"

క్యాప్‌స్టన్ వైపు ఒకసారి చూశాను. "నేనొక్కణ్ణేనండి" అన్నాను.

"అయితే ఇంక ఆలోచించేదేముందండి, ఇదే తీసుకోండి. ఒక్క మనిషి చాలు" అన్నాడాయన. నందిగామ కరెంటు సంగతి చెబితే స్టెబిలైజరు పెట్టుకోమన్నాడు. ఆఫీసరు బ్యాంకులో మాట సాయం చేస్తానన్నాడు. అక్కడే ఖాయం చేసేశాను. తిరిగి వచ్చి చెబితే బావ అడిగింది ఒక్కటే. "నేనిచ్చిన ముక్క బాగా తెగిందా?" తెగిందన్నాను. సంతోషించాడు.

మిషన్ లారీలో దిగేసరికి షెడ్డులో చోటు చాలలేదు. నా రెండో లేతును, అంటే బావ పని చేసే లేతును, మైలవరంలో ఒక షెడ్డు వాళ్ళకి అమ్మేశాను. కొత్త మిషన్‌కి బావే పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. నేను మీటలు నొక్కాను. రేకు తలుపు వెనక అది గిర్రున తిరిగి, తనే ముందుకు జరిగి, తనే వెనక్కి వచ్చి ఆగింది. బావ ముక్కను తీసుకుని, బొటనవేలితో అంచు చుట్టూ తడిమి, "బాగుందిరా" అన్నాడు. కాసేపు మిషన్ చుట్టూ తిరిగాడు. ఎక్కడ నిలబడినా నాకు అడ్డమే వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నాడు.

"కూర్చో బావా" అన్నాను.

అన్నేళ్ళలో షెడ్డులో ఆయనని ఎవరూ కూర్చోమనలేదు. పని ఉన్న మనిషిని కూర్చోమనరు. ఆయన డబ్బా మీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి, "బస్సు టైమయింది, వస్తాన్రా" అన్నాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రమ్మని నేను కబురు చేయలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు, అది నా కోసం పుట్టిన సామెత. అప్పుడు మాత్రం, పెద్దవాడయ్యాడు, ఇంటి పట్టున ఉండటం ఆయనకే మంచిది అని సర్దిచెప్పుకున్నాను.

తర్వాతి నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మిషన్ బాగా పని చేసింది. పాత లేతు మీద ఉన్నప్పుడు చెయ్యీ, కన్నూ, చెవీ అన్నీ పనిలో ఉండేవి. దీని ముందు నేను కావలివాణ్ణి. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు రెండో డబ్బా ఖాళీగా ఉండేది. దాన్ని బయట పెట్టేశాను. కూర వండుకోవడం మానేసి పచ్చడితో కానిచ్చేవాణ్ణి. పొద్దున జగ్గయ్యపేట నుంచి మొదటి బస్సు హారన్ వినిపిస్తే చేస్తున్న పని ఆపేవాణ్ణి. బస్సు వెళ్ళిపోయాక మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. ఒకసారి నాతో నేను పైకి మాట్లాడుకుంటున్నానని కిళ్ళీకొట్టు ఆయన చెప్పాడు. నాకు బావ కావాలనిపించేది. జగ్గయ్యపేట వెళ్ళే బస్సు అరగంటకొకటి ఉంది. వెళ్ళలేదు. వెళ్ళి ఏమని చెప్పాలి? రెండో లేతు లేదు, చెయ్యడానికి పని లేదు, ఊరికే కనిపిద్దామని వచ్చానని చెప్పడం మా ఇద్దరికీ అలవాటు లేదు.

మళ్ళీ ఎండలు ముదిరాయి. రేకుల కింద షెడ్డు పొయ్యి మీద పెనంలా ఉండేది. మే నెలలో ఒక పెట్టె వెనక్కి వచ్చింది. వదులు. అదే తేడా, వెంట్రుకలో సగం.

ముందు కరెంటుని తిట్టాను. తర్వాత బాలానగర్ వాళ్ళని తిట్టాను. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి నేనే. లో వోల్టేజికి మిషన్‌లో ముక్క మీద నీళ్ళు చల్లే చిన్న పంపు సరిగ్గా తిరగడం లేదు, ముక్కలు చెయ్యి కాలేంత వేడిగా వస్తున్నాయి. అయినా దాని మీదికి నా మనసు పోలేదు. ఒక సాయంత్రం కొలిచిన ముక్క ఒకటి పొరపాటున కిటికీ దగ్గర ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే ఏమీ తోచక దాన్ని మళ్ళీ కొలిచాను. నిన్న సరిగ్గా ఉన్నది ఇవాళ సన్నగా ఉంది. ఇంకోటి కోసి వేడిగా ఉండగా కొలిచాను, బకెట్ నీళ్ళలో ముంచి, తుడిచి, మళ్ళీ కొలిచాను. సన్నబడింది. వేడికి అల్యూమినియం ఉబ్బుతుంది, ఇనుము కంటే రెండింతలు ఉబ్బుతుంది. వేడి ముక్కను కొలిచి, లావుగా ఉందనుకుని, ఇంకొంచెం కోయమని మిషన్‌కి చెబుతున్నాను. అది పాపం చెప్పినట్టే కోస్తోంది. మామూలు లేతు మీద కూడా నా చేత్తో నేను చేసింది అదే.

చల్లారాక కొలిచినవి బావ ముక్కలు. వేడి మీద కొలిచినవి నావి. వెనక్కి వచ్చిన ప్రతి పెట్టెలోనూ పాడైనవి నావే. బకెట్ పక్కన నేల మీద కూలబడ్డాను. షెడ్డులో ఎవరూ లేరని తెలిసి కూడా చుట్టూ చూశాను.

ఆ రోజే బస్సెక్కి ఉండాల్సింది. ఎక్కలేదు. ముందు ఆర్డరు సరిచేద్దాం అనుకున్నాను. ముక్కల్ని నీళ్ళలో వేసి చల్లార్చి కొలవడం మొదలుపెట్టాను. పెట్టెలు వెనక్కి రావడం ఆగిపోయింది. ఆఫీసరు మిషన్‌ని మెచ్చుకున్నాడు, నేను ఊరుకున్నాను. వానలు పడ్డాక వెళ్దాం అనుకున్నాను. వానలు పడ్డాయి. మిరప నాట్లు అయ్యాక అనుకున్నాను, నాకేదో పొలం ఉన్నట్టు. ఆయనేమీ నన్ను అనలేదు గదా, నేనూ పైకేమీ అనలేదు గదా, అనని మాటని వెనక్కి తీసుకోవడం ఎలా అని ఒక వాదన కూడా తయారుచేసుకున్నాను. ఆరు నెలలు అలా గడిచాయి.

కార్తీకమాసంలో ఒక ఆదివారం వెళ్ళాను. జగ్గయ్యపేట షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎరువుల బస్తాలు. లేతు ఉన్నచోట నేలలోంచి నాలుగు బోల్టులు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. బావ వెనక వసారాలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. గొంతు విన్నాక గానీ నన్ను పోల్చుకోలేదు.

"లేతు ఏది బావా?"

"ఇచ్చేశా. దసరాకి పూజ చేసి, అది అయ్యాక ఇచ్చేశా. షెడ్డు బస్తాలోళ్ళకి అద్దెకిచ్చా."

"ఎందుకు?"

ఆయన చిక్కుడుకాయ వైపు చూస్తూ అన్నాడు. "కళ్ళు పోతన్నాయిరా. నీకు చెప్పలేదు గానీ, ఆ పెట్టెలన్నీ ఎనక్కొచ్చింది నావల్లే. నీ పేరు పోగొట్టా. ఇంక ఇంకొకళ్ళ పని కూడా పాడుచెయ్యటం ఎందుకని మానేశా. నువ్వు మంచోడివి కాబట్టి ఒక్క మాట అన్లా."

ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, కిటికీ దగ్గర ఉండిపోయిన ముక్క సంగతి మొదలుపెట్టి అంతా చెప్పాను. "నీవి కావు బావా. నావి. ఒక్కటి కూడా నీది కాదు" అన్నాను. ఏడిచాను కూడా.

ఆయన గుండెల మీంచి బరువు దించుకున్నట్టు పెద్దగా ఊపిరి వదిలాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. వస్తే బాగుండేది.

"ఎప్పుడు తెలిసిందిరా?" అన్నాడు.

"ఎండాకాలంలో."

ఆయన చేతిలో ఉన్న కాయ గిన్నెలో పడేశాడు. చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టాడు. చేతులు పంచెకి తుడుచుకున్నాడు. తల ఎత్తి, "కళ్ళ మాట నిజమే అనుకో. అయినా అద్దాలు పెట్టుకుని, తడిమి చూసుకుంటూ చెయ్యొచ్చు" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా, "నందిగామలో ఆ రెండో లేతు ఉందా?" అని అడిగాడు.

"లేదు బావా. మిషన్‌కి చోటు చాలక అప్పుడే ఇచ్చేశా."

"ఔన్లే" అన్నాడు. "దాన్ని లారీ ఎక్కించింది నేనేగా."